చెప్పడానికి భయపడిన ఎనిమిది రోజులు

ప్రశ్న: నేను హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వయసు 36. భద్రత, గోప్యత విషయాల్లో నాకు పదేళ్లుగా పట్టింపు ఎక్కువ. ఇంట్లో సొంత సర్వర్ పెట్టుకుని ఫొటోలు, పత్రాలు, పాస్‌వర్డ్‌లు అన్నీ అందులోనే ఉంచుతాను. నా ఫోనులోనూ నా భార్య ఫోనులోనూ కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి కస్టమ్ రోమ్ (బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్ రూపం) వేశాను. తణుకులో అమ్మానాన్నల ఇంటికి 2022లో మూడు కెమెరాలు పెట్టించాను. ఇంత చేసినా పోయిన నెలలో మా నాన్న ఖాతా నుంచి ఆధార్ వేలిముద్రతో 10 వేల చొప్పున రెండుసార్లు, మొత్తం 20 వేల రూపాయలు ఎవరో తీసేశారు. ఆయన ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. మెసేజ్ వచ్చిన ఎనిమిది రోజులకు గానీ నాకు చెప్పలేదు. ఎందుకని అడిగితే ‘నువ్వు తిడతావని చెప్పలేదురా’ అన్నారు. నాకు తెలిసిన రోజే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ‘వేలిముద్ర మీదే పడింది కదా’ అని బ్యాంకువాళ్లు అంటున్నారు. ఇదిలా ఉండగా నా భార్య ‘నువ్వు ఊళ్లో లేకపోతే ఈ ఇంట్లో ఏదీ పనిచేయదు’ అంటోంది. అమ్మ హాల్లో కెమెరా మీద తువ్వాలు కప్పుతోంది. నేను ఎక్కడ పొరపాటు చేశాను? ఇంకా ఏం చేయాలి?

జవాబు: మీరు అడిగిన క్రమాన్ని మార్చి ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవి ఈ వారం కాకపోతే వచ్చే వారం చక్కదిద్దుకోవచ్చు గానీ దీనికి గడువులున్నాయి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారుడి తప్పూ లేకుండా మూడో వ్యక్తి వల్ల డబ్బు పోయినప్పుడు, మెసేజ్ అందాక మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుడు ఒక్క రూపాయి కూడా నష్టపోనక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే, మామూలు సేవింగ్స్ ఖాతాకు ఒక్కో లావాదేవీ మీద 10 వేల రూపాయల వరకు ఖాతాదారుడే భరించాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానాన్ని బట్టి నిర్ణయం ఉంటుంది. మీ నాన్నగారి ఖాతా నుంచి తీసినవి సరిగ్గా పదేసి వేలు కాబట్టి, మొదటి మూడు రోజులు దాటిన తర్వాత ఆ రక్షణ ఆయనకు ఏ విధంగానూ అక్కరకు రాలేదు. మూడు రోజుల్లో చెప్పి ఉంటే మొత్తం 20 వేలూ ఆయన హక్కుగా తిరిగి వచ్చేవి.

అయినా మీరు ఇక్కడితో ఆగిపోవద్దు. లోపం బ్యాంకు వైపు ఉంటే ఖాతాదారుడు ఎప్పుడు తెలియజేశాడన్న దానితో నిమిత్తం లేకుండా అతనికి బాధ్యత ఉండదని అదే సర్క్యులర్ చెబుతోంది. తప్పు ఖాతాదారుడిదని నిరూపించే భారం కూడా బ్యాంకు మీదే పెట్టింది. నకిలీ వేలును అసలు వేలుగా ఒప్పుకున్న యంత్రం బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు చేతిలోది. కాబట్టి ‘వేలిముద్ర మీదే పడింది కదా’ అన్న మాట నిరూపణ కాదు. ఆధార్ వెబ్‌సైట్‌లో గత ఆరు నెలల ధ్రువీకరణ చరిత్ర చూసుకునే వీలుంది. ఏ తేదీన, ఏ సమయానికి, ఏ సంస్థ ద్వారా వేలిముద్ర వాడారో అందులో కనిపిస్తుంది. దాన్ని ప్రింటు తీసి ఫిర్యాదుకు జతచేయండి. ఆ లావాదేవీలు ఏ ఊళ్లో, ఏ ఏజెంటు యంత్రంలో జరిగాయో చెప్పమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. మీ కెమెరాల్లో ఆ లావాదేవీలు జరిగిన సమయపు రికార్డు ఇంకా చెరిగిపోకుండా ఉంటే వెంటనే వేరే చోట దాచండి, ఎందుకంటే ఆ సమయానికి మీ నాన్నగారు తణుకులో సొంత ఇంటి హాల్లో కూర్చుని ఉన్నారని చూపించగలిగితే అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా సరైన జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. దానికి రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు.

ఇప్పుడు ఎక్కడ పొరపాటు చేశానన్న మీ ప్రశ్నకు వస్తాను. సర్వర్, రోమ్, కెమెరాల గురించి మీరు వివరంగా రాశారు. ఆ ఎనిమిది రోజుల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అసలైన గండి ఆ వాక్యంలోనే ఉంది. దొంగ వేలిముద్రను ఆపడం మీ చేతిలో లేకపోవచ్చు. డబ్బు పోయిన సాయంత్రమే నాన్నగారు మీకు ఫోన్ చేయగలగడం మాత్రం మీ చేతిలో ఉన్న విషయం. గతంలో ఆయన ఏదో ఫార్వర్డు మెసేజ్ నొక్కినప్పుడో, ఇంట్లో అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టినప్పుడో మీరు కోప్పడి ఉంటారు. ఆ కోపం ప్రేమలోంచి వచ్చిందేనని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ దాని నుంచి ఆయన నేర్చుకున్నది జాగ్రత్త కాదు, దాచడం. ఆ ఎనిమిది రోజులూ ఆయన ఎలా గడిపి ఉంటారో ఒక్కసారి ఊహించండి. పాస్‌బుక్కు తీసి చూసుకోవడం, మళ్లీ బీరువాలో పెట్టడం, మీరు రాత్రి ఫోన్ చేసినప్పుడు ‘అంతా బాగానే ఉందిరా’ అనడం. తాను చేయని తప్పుకు ఆయన సిగ్గుపడుతూ కూర్చున్నారు.

ఈ రంగంలో మనందరం గౌరవించే ట్రాయ్ హంట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మన ఈమెయిల్ ఏ డేటా లీకులో బయటపడిందో చూసుకునే వెబ్‌సైట్‌ను 2013 నుంచి నడుపుతున్న మనిషి ఆయన. 2025 మార్చిలో, విమాన ప్రయాణం బడలికలో ఉండగా వచ్చిన ఒక నకిలీ మెయిల్ నమ్మి, తన పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా మోసగాళ్ల పేజీలో టైపు చేశారు. పాస్‌వర్డ్‌లు దాచి, అసలు సైటులో మాత్రమే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ ఆ పేజీలో వివరాలను తనంతట తాను నింపలేదు. అదే హెచ్చరిక. అలసటలో ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆయన దగ్గర వార్తలు అందుకునే దాదాపు 16 వేల మంది ఈమెయిల్ చిరునామాలు పోయాయి. ఆ తర్వాత ఆయన చేసిన పనే మనకు కావలసింది: జరిగింది జరిగినట్టు అదే రోజు అందరికీ రాసి చెప్పేశారు. తప్పు చేయని మనిషిని తయారుచేయడం ఎవరి వల్లా కాదు. జరిగిన వెంటనే చెప్పగలిగే ఇంటిని తయారుచేయడం సాధ్యమే. అందుకని మీరు చేయవలసిన మొదటి పని నాన్నగారికి ఫోన్ చేసి, ఇందులో మీ పొరపాటు ఏమీ లేదు నాన్నా అని స్పష్టంగా, మరో సలహా ఏదీ దానికి తగిలించకుండా చెప్పడం. 1930 నంబరును ఆయన పాస్‌బుక్కు మొదటి పేజీలో ఆయన చేతే పెద్ద అక్షరాలతో రాయించండి. ముందు అక్కడికి, ఆ తర్వాత నాకు అన్న వరుస కూడా చెప్పండి, ఎందుకంటే మీరు మీటింగులో ఉండి ఫోన్ ఎత్తని అరగంటలో ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారుతుంది.

ఇక ఆ వేలిముద్ర ఎలా బయటికి పోయి ఉంటుందన్నది. ఆధార్ ద్వారా డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ గానీ పిన్ గానీ అడగరు. ఏటీఎం లేని పల్లెల్లో పింఛను, ఉపాధి కూలి డబ్బు తీసుకునేవాళ్లకు అది నిజంగా మేలు చేసిన ఏర్పాటే, దాన్ని తీసేయాలని నేను అనను. అయితే వేలిముద్ర పాస్‌వర్డ్ లాంటిది కాదు. ఒకసారి నకలు తయారైతే మార్చుకోవడానికి వేరే వేలు లేదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే వ్యక్తి ఒకరు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీదున్న వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే తయారుచేసి, ఇతరుల పేర్ల మీద వేల కొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి అదే విధంగా ముద్రలు తీసి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన ముఠాను సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. మీ నాన్నగారు ఎప్పుడైనా స్థలం కొనో అమ్మో ఉంటే ఆయన వేలిముద్ర ఫొటోతో సహా ఆ దస్తావేజులో ఉంటుంది. దాని నకలు ఎన్ని చేతులు మారిందో లెక్క ఉండదు. ఇదే దారిన పోయిందని నేను నిర్ధారించలేను. పోవడానికి ఇలాంటి దారులు మీ సర్వర్‌కు ఎంతో దూరంలో ఉన్నాయని మాత్రం చెప్పగలను.

మా వీధి చివరి జిరాక్స్ షాపులో మొన్న నిలబడి చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. కౌంటరు మీద కంప్యూటరులో వాట్సాప్ తెరిచి ఉంది. వచ్చినవాళ్లందరూ తమ పత్రాలను ఆ నంబరుకు పంపిస్తున్నారు, అబ్బాయి ప్రింటు తీసి ఇస్తున్నాడు. నా ముందున్న పెద్దాయన ఆధార్ కోసం అతను పైకి కిందికి జరుపుతుంటే, ఎవరివో పాన్ కార్డులు, ఒకమ్మాయి టెన్త్ మార్కుల జాబితా, ఒక బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఎవరిదో స్కానింగు రిపోర్టు వరసగా తెర మీద కదిలిపోయాయి. ఆ అబ్బాయి మంచివాడే, కష్టపడి పనిచేస్తున్నాడు. అయినా ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డరులో మా వీధి మొత్తం ఉంది. ఇంట్లో వైఫైని మూడు భాగాలుగా విడగొట్టి టీవీని ఒకదానిలో, ఫోన్లను మరొకదానిలో పెట్టుకునే మనం, మన తల్లిదండ్రుల ఆధార్ అక్కడ పడి ఉండటాన్ని ఆలోచించం. మొదటి నాలుగంకెల జతలు రెండూ దాచి చివరి 4 అంకెలే చూపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడు చేసి రెండు మూడు కాపీలు మీరే ప్రింటు తీసి తణుకు పంపండి. చాలా చోట్ల అది సరిపోతుంది.

దానితోపాటు అమ్మానాన్నలిద్దరి ఆధార్‌లోనూ బయోమెట్రిక్ లాక్ పెట్టండి. ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ అయిదు నిమిషాల పని. లాక్ వేశాక వేలిముద్ర, కనుపాప, ముఖం ఏదీ పనిచేయదు. ఏటా పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడో, రేషన్ దుకాణంలో వేలు పెట్టేటప్పుడో తాత్కాలికంగా తెరుచుకోవాలి. ఆ పని ఆయన స్వయంగా చేయగలిగేలా పక్కన కూర్చుని రెండు మూడుసార్లు చేయించండి. లేకపోతే అవసరమైన రోజున పని జరగక తిరిగి వచ్చి, ఈ తాళమే వద్దంటారు. ఇక్కడ ఒక చిక్కు ఎదురుకావచ్చు: ఓటీపీ ఆధార్‌కు జతచేసిన నంబరుకే వస్తుంది, చాలా ఇళ్లలో అమ్మల ఆధార్‌కు జతచేసిన నంబరు ఎప్పుడో వదిలేసినది అయి ఉంటుంది. వదిలేసిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు కాబట్టి, ఇప్పుడది ఎవరి జేబులో ఉందో మనకు తెలియదు. ముందు అది సరిచూసి, అవసరమైతే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి నంబరు మార్పించండి. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఇంట్లో ఒక్కొక్కరి పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడండి. మీవి కానివి కనిపిస్తే అక్కడే తెలియజేయవచ్చు. ఏఈపీఎస్ మీ నాన్నగారికి అవసరమే లేదనుకుంటే ఆ సౌకర్యం ఆపేయమని శాఖలో లేఖ ఇవ్వండి.

ఫోన్ల విషయంలో నా అభిప్రాయం మీకు రుచించకపోవచ్చు. మీ ఫోను మీ ఇష్టం. కానీ మీ శ్రీమతి ఫోనులో రోమ్ మార్చిన తర్వాత ఆమె బ్యాంకు యాప్, యూపీఐ యాప్ ఏ ఫోనులో నడుస్తున్నాయో ఒకసారి అడిగి చూడండి. రోమ్ మార్చడానికి బూట్‌లోడర్ (ఫోను మొదలయ్యేటప్పుడు అందులోని వ్యవస్థను తనిఖీ చేసే తాళం) అన్‌లాక్ చేసిన ఫోనులో బ్యాంకు యాప్‌లు చాలావరకు తెరుచుకోవు. అలాంటి ఇళ్లలో నేను పదే పదే చూసింది ఏమిటంటే, డ్రాయరులో పడేసిన పాత ఫోను ఒకటి బయటికి తీసి, అందులో సిమ్ వేసి డబ్బు పనులన్నీ దానితోనే కానిస్తుంటారు. దానికి మూడు నాలుగేళ్లుగా సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆగిపోయి ఉంటాయి, తెర లాక్ కూడా ఉండదు. ప్రకటనల కంపెనీలకు ఆమె వివరాలు చేరకూడదని మీరు చేసిన పని, ఆమె డబ్బును ఇంట్లో ఉన్న అన్నిటికన్నా బలహీనమైన పరికరంలోకి నెట్టిందన్నమాట. ఆమెకు కంపెనీ ఆండ్రాయిడ్‌తో, ఇంకా కొన్నేళ్లు అప్‌డేట్‌లు వచ్చే ఫోను ఇవ్వండి. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే యాప్‌గా ఫోనులోకి దిగేది) నొక్కకుండా ఉండటం, ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగిన యాప్‌కు వద్దని చెప్పడం, ఈ రెండూ ఆమెకు ఏ రోమ్ కన్నా ఎక్కువ రక్షణ ఇస్తాయి. రైల్వే స్టేషన్ల ఛార్జింగు పాయింట్ల గురించి, వీపీఎన్ గురించి మనవాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు గానీ, నేను కళ్లారా చూసిన నష్టాలేవీ ఆ దారిన వచ్చినవి కావు.

సొంత సర్వర్ తప్పని నేను అనను. నేనూ నడుపుతున్నాను, పిల్లల ఫొటోలు మన ఇంట్లోనే ఉండాలన్న కోరిక నాకు పూర్తిగా అర్థమవుతుంది. అయితే సర్వర్ పెట్టడం ఒక పూట పని, దాన్ని కనిపెట్టుకుని ఉండటం ఏళ్ల తరబడి సాగే పని. 2022లో, పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే లాస్ట్‌పాస్ అనే కంపెనీ నుంచి ఖాతాదారుల పాస్‌వర్డ్ ఖజానాల కాపీలే పోయిన సంగతి మీకు తెలుసు. ఆ చొరబాటు నడిచిన దారి మనలాంటివాళ్లు గుర్తుపెట్టుకోవలసింది. అక్కడి సీనియర్ ఇంజినీరు ఒకరి ఇంటి కంప్యూటరులో సినిమాలు చూసుకునే ప్లెక్స్ మీడియా సాఫ్ట్‌వేరు ఉంది. అందులోని లోపానికి మందు 2020 మేలోనే విడుదలైంది, ఆ తర్వాత దాదాపు 75 కొత్త వెర్షన్లు కూడా వచ్చాయి. ఆయన అప్‌డేట్ చేయలేదు. ఆ లోపం గుండా చొరబడి, ఆయన టైపు చేసే ప్రతి అక్షరాన్నీ పట్టుకునే ప్రోగ్రాము పెట్టి, కంపెనీ ఖజానా తాళం సంపాదించారు. ఆయన ఏమీ తెలియనివాడు కాదు, మనకన్నా ఎక్కువ తెలిసినవాడే. కాబట్టి మీ సర్వర్‌లో ఏమేం నడుస్తున్నాయో కాగితం మీద రాయండి. ఆరు నెలలుగా ఎవరూ తాకని సర్వీసులను తీసేయండి. రౌటరులో బయటికి తెరిచిన పోర్టులన్నీ (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే తలుపులు) మూసి, బయటి నుంచి అవసరమైతే వైర్‌గార్డ్ అనే తాళం వేసిన దారి ద్వారా మాత్రమే లోపలికి రండి. ఆఫీసు ల్యాప్‌టాప్, ఈ ప్రయోగాలు ఒకే నెట్‌వర్క్‌లో ఉంచకండి.

మీ శ్రీమతి మాటను ఫిర్యాదుగా తీసుకోకండి, అది నివేదిక. నాలుగేళ్ల క్రితం నాకు డెంగీ వచ్చి అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చేరిన రాత్రి కౌంటరులో ఆరోగ్య బీమా పాలసీ కాగితం అడిగారు. అది నా సర్వర్‌లో, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో ఉంది. తాళం ఆరు పదాల వాక్యం, నా తలలో తప్ప ఎక్కడా లేదు. నూట మూడు జ్వరంలో నేను ఒక్కో పదం చెబుతుంటే నా భార్య మంచం పక్కన నిలబడి ఫోనులో టైపు చేసింది. మూడోసారి కూడా తప్పని వచ్చాక ఆమె ఫోను పక్కన పెట్టి, మెడలో గొలుసు సంగతి ఆలోచిస్తూ కిందికి వెళ్లింది. అడ్వాన్సు కట్టడానికి వాళ్ల అన్నయ్య తెల్లవారుజామున వచ్చాడు. అప్పటిదాకా నా ఏర్పాటు దొంగల నుంచి మమ్మల్ని కాపాడుతోందని అనుకున్నాను. ఆ రాత్రి మా పత్రాలను అది కాపాడింది మా ఇంటి మనిషి నుంచే.

ఇంటికి వచ్చాక చేసినవి రెండు. బీమా, బ్యాంకు, ఇంటి పత్రాల వివరాలు, పాస్‌వర్డ్ మేనేజర్ తాళం, రెండంచెల ధ్రువీకరణ బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి, కవరులో అంటించి బీరువా లాకరులో పెట్టాను. మరో కవరు నా బావమరిది ఇంట్లో ఉంది. కాగితం మీద పాస్‌వర్డా అని మీరు ఉలిక్కిపడవచ్చు. దూరదేశంలో కూర్చున్న దొంగ మన బీరువా తెరవలేడు, బీరువా పగలగొట్టిన దొంగ బంగారం చూస్తాడు గానీ కవరు చదువుతూ కూర్చోడు. రెండోది, ఏడాదికి రెండుసార్లు నేను పక్క గదిలో కూర్చుంటాను, నా భార్య ఆ కవరు తీసి, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా బీమా కాగితం, పిల్లల జనన ధ్రువపత్రం తెరిచి ప్రింటు తీయాలి. మొదటిసారి ఆమె మూడో మెట్టు దగ్గరే ఆగిపోయింది. తప్పు ఆమెది కాదు, నేను రాసిన విధానానిది. ఆమె మాటల్లోనే తిరగరాశాం. మీరు కూడా మీ శ్రీమతి చేత ఈ పని ఒక ఆదివారం చేయించి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ మార్చండి. ఆమె లేకుండా పెట్టిన తాళాల్లో ఆమెకు అక్కర్లేనివి ఏవో కూడా అప్పుడే తేలుతాయి.

చివరగా మీ అమ్మగారి తువ్వాలు. దీన్ని మీరు ఒక చిన్న చిరాకుగా రాశారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. గోప్యత కోసం పదేళ్లుగా ఇంత శ్రమ పడుతున్న మీరు, అదే గోప్యత కోసం మీ అమ్మగారు తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో చేస్తున్న ప్రయత్నాన్ని గుర్తించలేదు. హాలంటే ఆమెకు మధ్యాహ్నం ఫ్యాను కింద చాప వేసుకుని పడుకునే చోటు, పక్కింటామెతో కష్టం సుఖం చెప్పుకునే చోటు, తల దువ్వుకునే చోటు. అక్కడ కన్నొకటి పెట్టే ముందు ఆమెను అడిగారా? వాళ్లకు ఏమైనా అయితే తెలియాలన్న మీ ఆదుర్దా నాకు తెలుసు, దూరంగా ఉన్న ప్రతి కొడుకుకీ కూతురికీ అది ఉంటుంది. 1954లో, 1962లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులను దాటి, గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పినప్పుడు మనలాంటివాళ్లం ఎంతో సంతోషించాం. ఆ హక్కు ప్రభుత్వం ముందు ఎంతుందో, తన ఇంట్లో తన కొడుకు ముందు కూడా ఆమెకు అంతే ఉండాలని నేను నమ్ముతాను.

పైగా ఆ కెమెరా చూసేది మీరొక్కరే అన్న ధీమా కూడా వద్దు. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కొద్దీ కెమెరాలను, రికార్డర్లను లోబరుచుకోవడానికి వాడింది, ఫ్యాక్టరీలో పెట్టిన 60 పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా మాత్రమే. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి పరీక్ష గదిలోని కెమెరా దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టినట్టు బయటపడింది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు గానీ, మీవి 2022లో బిగించినవి. బిగించిన మనిషి పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉందా, తయారీదారు అప్‌డేట్‌లు ఇస్తున్నాడా, అతని ఫోనులోని యాప్‌లో మీ ఇల్లు ఇంకా కనిపిస్తోందా, ఈ మూడూ చూడండి.

ఈసారి తణుకు వెళ్లినప్పుడు హాల్లో కెమెరాను మీ చేత్తోనే విప్పి తీసేయండి. గేటు దగ్గరది, పెరటి తలుపు మీదది ఉంచాలా వద్దా అని అమ్మగారిని అడగండి, వద్దంటే అవీ తీసేయండి. ఉంచమంటే, ఎంతవరకు కనిపించాలో ఆమె పక్కన నిలబడి చెబుతుండగా మీరు స్టూలెక్కి తిప్పండి, తెర మీద ఏం కనిపిస్తోందో ఆమె ఫోనులోనే చూపించండి. హాల్లో పడిపోతారేమోనన్న భయానికి మందు కెమెరా కాదు. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి ఒక ఫోను, ఎత్తకపోతే వెళ్లి తలుపు తట్టడానికి పక్కింటివాళ్ల నంబరు, వాళ్ల దగ్గర ఒక తాళంచెవి.